ప్రింట్ పెడితే టప్ మాయం, తీస్తే ప్రత్యక్షం: ఆడియో థ్రెడ్‌లో లాగ్ ఎలా రాస్తున్నారు?

టప్‌టప్_బాబు

మూడు వారాలుగా ఒకే ఒక్క ‘టప్’ నా ప్రాణం తోడేస్తోంది.

పెళ్లిళ్లలో, జాతర్లలో పాడే ఒక ఆర్కెస్ట్రా వాళ్లకి సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. మైనస్ వన్ ట్రాకులు (గొంతు లేకుండా వాయిద్యాలే ఉన్న పాటలు) ప్లే చేస్తూనే సింగర్ మైక్‌కి ఎకో, రివర్బ్ కలుపుతుంది. రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద లినక్స్, కోడు సీ ప్లస్ ప్లస్. 48 కిలోహెర్ట్జ్, 64 శాంపిళ్ల బఫర్. అంటే సౌండ్ కార్డు తర్వాతి ముక్క అడిగిన ప్రతిసారీ నడిచే ఫంక్షన్‌కి, అదే ఒక్కో కాల్‌బ్యాక్‌కి, నా చేతిలో ఉండేది 1.33 మిల్లీసెకన్లు. మొత్తం నాలుగు థ్రెడ్లు (పక్కపక్కనే నడిచే పనులు): ఆడియో, ఫైల్ లోడర్, స్క్రీన్, ఫుట్‌పెడల్.

సమస్యేమిటంటే ప్రోగ్రాం మొత్తంలో రెండు మూడుసార్లు మైక్ మీద ‘టప్’ మంటుంది. ఒకరోజు అసలు రాదు, ఇంకోరోజు ఐదుసార్లు. పాట నడుస్తుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ సరిగ్గా యాంకర్ మాట్లాడుతున్నప్పుడే వస్తోంది, పెళ్లికూతురి తండ్రి మావాళ్ల వంక అదోలా చూస్తున్నాడు. మైక్ కేబుల్ మార్చాం. సౌండ్ కార్డు మార్చాం. ఇంట్లో మాత్రం రాత్రంతా నడిపినా ఒక్కసారి కూడా రాలేదు.

ఆడియో థ్రెడ్‌లో ప్రింట్ఎఫ్ (స్క్రీన్ మీద లైన్ రాసే ఫంక్షన్) పెట్టి చూశాను. సెకనుకి 750 లైన్లు. టప్ సంగతి దేవుడెరుగు, పకోడీలు వేగుతున్న చప్పుడు మొదలైంది. సరేలే అని ఆడియో థ్రెడ్‌ని వదిలేసి మిగతా మూడింట్లో పెట్టాను, ఫంక్షన్ హాల్‌కి నేనే వెళ్లి స్క్రీన్ ముందు కూర్చున్నాను. ఆ రాత్రి టప్ లేదు. ప్రింట్లు తీసేసి ఇంటికొచ్చాను. మర్నాడు తణుకులో ప్రోగ్రాం, నాలుగుసార్లు వచ్చిందట.

ఆడియో మీద పనిచేసేవాళ్లు లాగ్ ఎలా రాసుకుంటారో కాస్త చెప్పండి.

సీ_ప్లస్_చాలు

జీడీబీ డీబగ్గర్ పెట్టి, బ్రేక్‌పాయింట్ దగ్గర ఆపి చూస్తే పోలా?

రింగ్‌మాస్టర్

నువ్వు ఆపితే నీ ప్రోగ్రాం ఆగుతుంది, సౌండ్ కార్డు ఆగదు. అది 1.33 మిల్లీసెకన్లకోసారి కంచం చాపుతూనే ఉంటుంది. బ్రేక్‌పాయింట్ పెట్టడమంటే నువ్వే ఒక పెద్ద టప్ తయారుచేసుకోవడం. పైగా ఇలాంటి బగ్గులో కావలసింది ‘ఇప్పుడు ఏ వేరియబుల్ ఎంత’ అన్నది కాదు. టప్‌కి ముందు నాలుగు థ్రెడ్లూ ఏ వరుసలో ఏం చేశాయన్నది కావాలి.

మ్యూటెక్స్_మామ

బాబు గారూ, మీ పకోడీల కథ చాలామందికి అనుభవమే. ప్రింట్ఎఫ్ లోపల స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి ఒక తాళం ఉంటుంది. లోడర్ థ్రెడ్ ఆ తాళం పట్టుకుని టెర్మినల్‌కి రాస్తూ ఉండగా దాన్ని షెడ్యూలర్ (ఏ థ్రెడ్ ఎప్పుడు నడవాలో తేల్చే కెర్నెల్ భాగం; కెర్నెల్ అంటే లినక్స్ గుండెకాయ) పక్కకి తోసిందనుకోండి, ఆడియో థ్రెడ్ ఎంత ప్రయారిటీ ఉన్నా గుమ్మం బయట నిలబడాల్సిందే. తాళం దొరికాక అక్షరాలుగా మార్చాలి, ఆపైన రైట్ అనే సిస్టమ్ కాల్ (కెర్నెల్‌ని పని అడగడం), అవతల టెర్మినల్ ఎప్పుడు తీసుకుంటే అప్పుడు. ఇవేవీ ‘ఇంత టైములో అవుతుంది’ అని హామీ ఇచ్చేవి కావు.

రెండో సంగతి. ప్రింట్ పెడితే మాయమయ్యే వాటిని నేను అత్తిపత్తి బగ్గులంటాను. వేలు పెడితే ముడుచుకుంటాయి. ప్రింట్ల వల్ల మిగతా థ్రెడ్లు కాస్త నెమ్మదించాయి, రెండు థ్రెడ్లు ఢీకొనే సందు మూసుకుపోయింది. మీ బగ్గు టైమింగ్ బగ్గు, రాసిపెట్టుకోండి.

పిల్లకాకి

అయితే మెమరీలో ఒక అర్రే పెట్టి అందులో రాసుకుంటూ పోయి, ప్రోగ్రాం అయ్యాక ఫైల్లో వేస్తే సరిపోదా? ఇంత చర్చ ఎందుకు?

రింగ్‌మాస్టర్

చేయాల్సింది అదే. కాకపోతే ఆ ఒక్క అర్రేలోనే వంద గోతులు ఉన్నాయి. నేను చేసే పద్ధతి చెప్తాను.

ఒక్కో రికార్డు 32 బైట్లు, ఎప్పుడూ అంతే. టైముకి 8, వరుస నంబరుకి 4, థ్రెడ్ నంబరుకి 2, ఏం జరిగిందో చెప్పే ఈవెంట్ నంబరుకి 2, మిగిలిన 16లో రెండు విలువలు. అక్షరాలు ఉండవు. ‘కాల్‌బ్యాక్ మొదలైంది’ అని రాయం, 1 అని రాస్తాం. 1 అంటే ఏమిటో తర్వాత తీరిగ్గా చదివే ప్రోగ్రాంకి తెలిస్తే చాలు. అక్షరాలు పేర్చే పని అంతా టప్ అయిపోయాక, టీ తాగుతూ.

అలాంటివి 65,536 రికార్డులు. ఆ సంఖ్య రెండుకి ఏదో ఒక ఘాతమై ఉండాలి, ఎందుకంటే చివరికొచ్చాక మొదటికి తిరగడానికి భాగహారం అక్కర్లేదు, ఒక మాస్క్ చాలు. మొత్తం 2 ఎంబీ. రాయదలచుకున్న థ్రెడ్ అటామిక్ కౌంటర్‌ని (రెండు థ్రెడ్లు ఒకేసారి పెంచినా లెక్క తప్పని కౌంటర్) ఒకటి పెంచి టోకెన్ తీసుకుంటుంది, ఆ టోకెన్ నంబరు గడిలో తన రికార్డు పెడుతుంది. తాళాలు లేవు, మాలోక్ (మెమరీ అడగడం) లేదు, సిస్టమ్ కాల్ లేదు. నిండాక పాతవాటి మీదే కొత్తవి పడతాయి, అందుకే దీన్ని రింగ్ అంటాం. మనకి కావలసింది చివరి కొన్ని సెకన్లే కదా.

బెర్లిన్_బావ

రింగ్‌మాస్టర్ గారి మాటల్లో ఒక్కదానితో నాకు పేచీ ఉంది. నాలుగు థ్రెడ్లకీ ఒకే కౌంటరా? నాలుగు కోర్లు ఒకే క్యాష్ లైన్ (ప్రాసెసర్ ఒక్కసారికి తెచ్చుకునే మెమరీ ముక్క) కోసం కొట్టుకుంటాయి. సంతలో ఒకే కుళాయి పెట్టినట్టు. ఒక్కో థ్రెడ్‌కి దాని రింగ్ దానికి ఇవ్వండి. రాసేది ఒక్కరే కాబట్టి అటామిక్ పెంపు కూడా అక్కర్లేదు, మామూలుగా రాసి చివర్లో రిలీజ్ ఆర్డర్‌తో (ముందు రాసినవన్నీ ముందే కనిపించేలా) ఇండెక్స్ ముందుకు జరపడమే. ఇండెక్సులు 64 బైట్ల ఎడంగా ఉంచండి, ఆపిల్ సొంత చిప్పుల మీదైతే 128. తర్వాత టైము చూసి అన్నీ కలుపుకోవచ్చు.

ఇక్కడ మా ఆఫీసులో 24 థ్రెడ్ల మిక్సర్. ఉమ్మడి రింగ్ పెట్టినప్పుడు లాగ్ ఖర్చే ప్రొఫైలర్లో (ఏ కోడు ఎంత టైము తింటోందో చూపేది) పైకి తేలింది.

రింగ్‌మాస్టర్

బావగారూ, మీది 24 థ్రెడ్ల స్టూడియో, ఇతనిది పెళ్లిపెట్టె. సెకనుకి 750 కాల్‌బ్యాక్‌లు, ఒక్కోదానికి పది రికార్డులు వేసుకున్నా 7,500. మిగతా మూడు థ్రెడ్లు ఆవలిస్తూ కూర్చుంటాయి. కొట్టుకోవడానికి అక్కడ ఎవరున్నారు? ఒకే రింగ్ అయితే వరుస దానంతట అదే వస్తుంది, ముందెవరో వెనకెవరో గొడవ ఉండదు.

బెర్లిన్_బావ

వరుస వస్తుందన్నది భ్రమ. టోకెన్ తీసుకున్న వరుస అది, పని జరిగిన వరుస కాదు. లోడర్ థ్రెడ్ 501 నంబరు టోకెన్ తీసుకుంది, గడి నింపేలోపు షెడ్యూలర్ దాన్ని పక్కన కూర్చోబెట్టింది. ఆడియో థ్రెడ్ 502 తీసుకుని రాసేసింది. ఇప్పుడు చదివితే 501 గడిలో ఏముంటుంది? గత చుట్టులో రాసిన పాత రికార్డు. సగం రాశాక ఆగితే కొత్త టైము, పాత విలువ. దాన్ని నమ్మి రెండు రోజులు తప్పుదారిలో నడిచినవాణ్ణి నేను.

ఉమ్మడి రింగే కావాలంటే వరుస నంబరుని చివరగా, రిలీజ్ ఆర్డర్‌తో రాయాలి. చదివేవాడు ముందు ఆ నంబరు చూసి, అది ఈ చుట్టుదేనని తేలాకే మిగతాది నమ్మాలి. ఇంటెల్ మీద ఇవేమీ చేయకపోయినా చాలాసార్లు అదృష్టం కలిసొస్తుంది, ఎందుకంటే ఒక కోర్ రాసిన వరుసలోనే మిగతా కోర్లకి కనిపిస్తాయి. ఏఆర్ఎం అలా హామీ ఇవ్వదు.

టప్‌టప్_బాబు

పై 4 ఏఆర్ఎమ్మే కదండీ.

సీ_ప్లస్_చాలు

అయిపోయాడు బాబు.

రింగ్‌మాస్టర్

వరుస నంబరు చివర్న రాయాలన్నది ఒప్పుకుంటున్నా, నా పోస్టులో ఆ ముక్క ఎగిరిపోయింది. మరోటి కూడా: పై 4లోది కార్టెక్స్ ఏ72, అందులో అటామిక్ పెంపు ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌గా ఉండదు, చదివి, పెంచి, కుదరకపోతే మళ్లీ ప్రయత్నించే చిన్న లూపు అవుతుంది. నాలుగు థ్రెడ్లకి అది సమస్య కాదు. అయినా ఒక్కో థ్రెడ్‌కి ఒక్కో రింగే పెట్టుకో బాబూ, బావగారితో వాదించే ఓపిక లేదు.

మ్యూటెక్స్_మామ

టైము ఎక్కణ్ణించి తీసుకుంటారన్నది ఎవరూ చెప్పలేదు. గోడ గడియారం వద్దు. ఎప్పుడూ ముందుకే నడిచే మోనోటోనిక్ క్లాకే వాడండి. లినక్స్‌లో అది వీడీఎస్ఓ (కెర్నెల్ మన ప్రోగ్రాంలోకే పెట్టే చిన్న లైబ్రరీ) ద్వారా వస్తుంది, మామూలుగా కెర్నెల్‌లోకి వెళ్లిరావాల్సిన పని ఉండదు. పై 4లో వెనకున్న కౌంటర్ 54 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో టిక్ సుమారు 18.5 నానోసెకన్లు. మీ పనికి దండిగా సరిపోతుంది.

గోడ గడియారం ఎందుకు వద్దో నాకు జరిగిందే చెప్తా. ఒక లాగ్‌లో ఎకో బయటికి వచ్చిన తర్వాత మైక్ ఇన్‌పుట్ లోపలికి వచ్చినట్టు కనిపించింది. కార్యం ముందు, కారణం వెనక. అర్ధరోజు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. చివరికి చూస్తే, మధ్యలో ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి గడియారాన్ని సరిచేసేది) వచ్చి గడియారాన్ని కాస్త వెనక్కి తిప్పిపోయింది.

అర్ధరాత్రి_బగ్గు

నాకు దొరికిన గొయ్యి వేరు. రింగ్‌కి మెమరీ ఎలాట్ చేశాను, అంతా పద్ధతిగా రాశాను. ప్రోగ్రాం మొదలైన మొదటి కొన్ని సెకన్లు చిటపటలు, తర్వాత శుభ్రం. లాగ్ తీసేస్తే చిటపటలు లేవు. ఏంటంటే, అడిగిన మెమరీని కెర్నెల్ అప్పుడే ఇవ్వదు, ఇచ్చానంటుంది అంతే. ఒక్కో పేజీని మొదటిసారి ముట్టుకున్నప్పుడు పేజ్ ఫాల్ట్, అంటే పని ఆపి కెర్నెల్ అప్పుడు ఇస్తుంది. 2 ఎంబీ అంటే 4 కేబీ పేజీలు 512. ఆ 512 ఫాల్టులూ ఆడియో థ్రెడ్ నెత్తిన పడుతున్నాయి. మొదటి చుట్టు పూర్తయ్యాక అన్నీ వచ్చేసి ఉంటాయి కాబట్టి నిశ్శబ్దం.

మొదట్లోనే రింగ్ మొత్తాన్ని సున్నాలతో నింపి, ఎంలాక్ చేసేయండి, అంటే ర్యామ్‌లోంచి కదలకుండా కట్టేయండి.

ఇంకోటి. లాగ్ ఫంక్షన్‌కి ఎస్టీడీ స్ట్రింగ్ పంపకండి. మా జూనియర్ అలాగే పంపాడు, నెల రోజులు ఏమీ కాలేదు. జీసీసీ లైబ్రరీలో 15 బైట్ల దాకా స్ట్రింగ్ లోపలే సర్దుకుంటుంది, దాటితే మాలోక్. అందరూ చిన్న పేర్లు పెట్టారు, ఒకడు మాత్రం ‘రివర్బ్ టెయిల్ క్లియర్ అయింది’ అని వాక్యం రాశాడు. వాడి లైన్ దగ్గరే చిటుక్కు.

పిల్లకాకి

రింగ్‌ని ఫైల్ మీద ఎంమ్యాప్ చేస్తే (ఫైల్‌నే మెమరీలా వాడుకుంటే) ప్రోగ్రాం క్రాష్ అయినా లాగ్ బతుకుతుంది కదా?

బెర్లిన్_బావ

బతుకుతుంది. ప్రాసెస్ చచ్చినా ఆ పేజీలు కెర్నెల్ దగ్గర ఉంటాయి. కానీ అసలు డిస్క్ ఫైల్ మీద వద్దు. కెర్నెల్ మధ్యమధ్యలో మురికి పేజీలని డిస్క్‌కి రాస్తుంది, అప్పుడు వాటికి రైట్ అనుమతి తీసేస్తుంది. తర్వాత నువ్వు రాసినప్పుడు మళ్లీ ఫాల్ట్. ఎస్‌డీ కార్డు మీద ఇది నరకం. డెవ్ ఎస్‌హెచ్ఎం కింద పెట్టుకో, అది ర్యామే. కరెంటు పోతే పోతుంది, అంతే.

సీ_ప్లస్_చాలు

చక్రం మళ్లీ ఎందుకు కనిపెట్టడం? ఎస్‌పీడీలాగ్‌లో ఎసింక్ మోడ్ ఉందిగా.

రింగ్‌మాస్టర్

సర్వర్ పనికి చక్కటి లైబ్రరీ, నేనూ వాడతాను. కానీ ఎసింక్ అంటే ఫైల్‌కి రాయడం వేరే థ్రెడ్ చేస్తుందని మాత్రమే. అక్షరాలు పేర్చడం పిలిచిన థ్రెడ్‌లోనే జరుగుతుంది. క్యూకి మ్యూటెక్స్ (తాళం) ఉంది. క్యూ నిండితే ఖాళీ అయ్యేదాకా ఆగడం దాని డిఫాల్ట్. ఆడియో కాల్‌బ్యాక్‌లో ఈ మూడూ చేయకూడనివే. రెడీమేడ్‌గా కావాలంటే లినక్స్‌లో ఎల్‌టీటీఎన్‌జీ ఉంది, ఒక్కో కోర్‌కి ఒక్కో బఫర్‌తో ఇదే పని చేస్తుంది. రెండు వందల లైన్లలో అయిపోయేదానికి అంత సరంజామా ఎందుకని నేను సొంతది రాసుకుంటా.

భాగ్యనగర్_బాస్

మామ తాళం, ప్రయారిటీ అనగానే గుర్తొచ్చింది. 1997లో మార్స్ పాత్‌ఫైండర్ నౌక అంగారకుడి మీద దిగాక కంప్యూటర్ అప్పుడప్పుడూ తనంతట తనే రీసెట్ అయ్యేది. వాతావరణం కొలిచే తక్కువ ప్రయారిటీ పని ఒక మ్యూటెక్స్ పట్టుకునేది, అదే మ్యూటెక్స్ కోసం పై ప్రయారిటీ పని ఎదురుచూసేది, ఈలోగా మధ్య ప్రయారిటీ పనులు దూరిపోయి కింది దాన్ని కదలనిచ్చేవి కావు. గడువులోపు పని కాకపోయేసరికి వాచ్‌డాగ్ రీసెట్ కొట్టేది. భూమ్మీద అదే రకం యంత్రంలో ట్రేస్ ఆన్ చేసి, గంటల తరబడి నడిపి పట్టుకున్నారు. దాని ఆపరేటింగ్ సిస్టమ్ వీఎక్స్‌వర్క్స్‌లో ఆ మ్యూటెక్స్‌కి ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ (తాళం పట్టుకున్నదానికి, ఎదురుచూసేదాని ప్రయారిటీ ఇవ్వడం) ఆన్ చేస్తే సరిపోయింది.

ఇక్కడ మన చర్చకి పనికొచ్చేది: వాళ్లు ఆ ట్రేస్ సదుపాయాన్ని పంపేముందు కోడ్‌లోంచి తీసేయలేదు. ‘డీబగ్ అయిపోయింది, లాగ్ పీకేద్దాం’ అనేవాళ్లకి ఈ కథ చెప్పండి.

సీ_ప్లస్_చాలు

అంగారకుడి మీద పెళ్లికూతురి తండ్రి లేడు కాబట్టి తాపీగా వెతికారు.

టప్‌టప్_బాబు

రాసేశాను. థ్రెడ్‌కో రింగ్, 32 బైట్లు, సున్నాలతో నింపి ఎంలాక్. లాగ్ ఆన్ చేసినా ఆఫ్ చేసినా కాల్‌బ్యాక్ టైములో తేడా తెలియట్లేదు, సగటున 0.4 మిల్లీసెకన్లు.

కానీ లెక్క చూస్తే 65,536 భాగం 7,500, అంటే సుమారు 8.7 సెకన్ల చరిత్రే ఉంటుంది. టప్ వచ్చాక ఆపరేటర్ స్టేజి దిగి, నాకు ఫోన్ చేసి, నేను ‘సేవ్ నొక్కు’ అనేసరికి వంద చుట్లు తిరిగిపోతుంది. పెద్ద రింగ్ పెట్టనా?

రింగ్‌మాస్టర్

పెద్దది కాదు, ఆగేది పెట్టు. కాల్‌బ్యాక్ తన టైము తనే కొలుచుకోవాలి. 1,333 మైక్రోసెకన్లు దాటిందంటే ఒక ఫ్లాగ్ ఎత్తుతుంది. ఆ తర్వాత ఇంకో రెండు వందల రికార్డులు రాయనిచ్చి రింగులన్నీ గడ్డకట్టేయాలి. తర్వాతేం జరిగిందో కూడా కాస్త కావాలి కదా. స్క్రీన్ థ్రెడ్ తీరిగ్గా దాన్ని ఫైల్లో వేసి మళ్లీ వదులుతుంది. విమానంలో బ్లాక్‌బాక్స్ లాగన్నమాట.

దానికి అందని టప్‌లు కూడా ఉండొచ్చు, కోడు టైములోనే ముగిసినా శాంపిళ్లు తప్పయి వచ్చేవి. వాటికోసం ఒక ఫుట్‌స్విచ్ ఇవ్వు. ‘టప్ వినగానే తొక్కు’ అని చెప్పు. మనిషి తొక్కడానికి రెండు సెకన్లు పట్టినా 8.7 సెకన్లలో దొరుకుతుంది.

బెర్లిన్_బావ

ఆడియో థ్రెడ్ ఒక్కదాన్నే లాగ్ చేయి. మిగతావి చెత్త నింపుతాయి.

అర్ధరాత్రి_బగ్గు

దీనికి నేను ఒప్పుకోను. దొంగతనం జరిగిన గదిలోనే కెమెరా పెడితే బీరువా తెరుచుకోవడం కనిపిస్తుంది, దొంగ ఏ గుమ్మంలోంచి వచ్చాడో కనిపించదు. స్క్రీన్ థ్రెడ్‌లో ఏ బటన్ నొక్కారో, ఏ విండో తెరిచి ఉందో కూడా రాయించు. సెకనుకి నాలుగు రికార్డులు, ఏం కొంప మునుగుతుంది? ఎలాగూ దాని రింగ్ దానిదే.

బెర్లిన్_బావ

సరే, దాని రింగ్ దానిదే కాబట్టి నాకు అభ్యంతరం లేదు. కానీ అందులో ఏమీ దొరకదు, చూడండి.

టప్‌టప్_బాబు

తొమ్మిది రోజులైంది. ఆరు ప్రోగ్రాంలు. 11 సార్లు ట్రిగ్గర్ కొట్టింది, 11లోనూ ఒకే బొమ్మ. ఒకటి అతికిస్తున్నా. అంకెలు మైక్రోసెకన్లు, మొదటి లైన్ నుంచి లెక్క.

లోడర్ / 0 / పాట సిద్ధం, 92160000 బైట్లు
స్క్రీన్ / 310 / కబురు అందింది, ప్యానెల్ 0
ఆడియో / 842 / కాల్‌బ్యాక్ మొదలు
ఆడియో / 851 / కొత్త పాట తీసుకున్నా
ఆడియో / 852 / పాతది వదులుతున్నా
ఆడియో / 7098 / పాతది వదిలేశా
ఆడియో / 7511 / కాల్‌బ్యాక్ ముగింపు
ఆడియో / 7513 / గడువు దాటింది

వదులుతున్నా, వదిలేశా మధ్య కోడు ఒకే ఒక్క లైను. పాత షేర్డ్ పాయింటర్ (ఎందరు వాడుతున్నారో లెక్కపెట్టి, చివరివాళ్లు వదలగానే ఆ మెమరీని ఖాళీ చేసేది) స్థానంలో కొత్తది పెట్టడం. దానికి 6,246 మైక్రోసెకన్లా?!

మ్యూటెక్స్_మామ

అబ్బ. ఆ లైన్లో పాత పాటకి చివరి యజమాని ఆడియో థ్రెడ్డే. కౌంటు సున్నా అయింది, డిలీట్ అక్కడే జరిగింది.

బెర్లిన్_బావ

నాలుగు నిమిషాల పాట, స్టీరియో, 32 బిట్ ఫ్లోట్: 48,000 × 240 × 8, సరిగ్గా 9,21,60,000 బైట్లు. లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీలో ఇంత పెద్ద ముక్క హీప్‌లోంచి రాదు, నేరుగా కెర్నెల్ నుంచి ఎంమ్యాప్‌తో వస్తుంది. ఫ్రీ చేస్తే మన్‌మ్యాప్. 22,500 పేజీలని కెర్నెల్ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోవాలి. ఆ పనంతా నీ 1.33 మిల్లీసెకన్ల గదిలో పెట్టావు. ఐదు బఫర్లు ఎగిరిపోయాయి.

పాట మధ్యలో కాకుండా యాంకర్ మాట్లాడేటప్పుడే ఎందుకో ఇప్పుడు తెలిసింది. అప్పుడేగా ఆపరేటర్ తర్వాతి పాట ఎంచుకునేది.

పిల్లకాకి

అలాగైతే ప్రతి పాట మార్పుకీ రావాలి కదా. ఇంట్లో ఎందుకు రాలేదు? ప్రింట్లు పెట్టిన రోజు ఎందుకు రాలేదు?

మ్యూటెక్స్_మామ

టైమింగ్ అని చెప్పాగా. ప్రింట్ల వల్ల స్క్రీన్ థ్రెడ్ ఆలస్యమై పాత పాయింటర్ని ఎక్కువసేపు పట్టుకుంది.

అర్ధరాత్రి_బగ్గు

బాబూ, రెండో లైన్లో ప్యానెల్ 0 అంటే ఏమిటి? 11లోనూ సున్నాయేనా?

టప్‌టప్_బాబు

అది వేవ్‌ఫార్మ్ ప్యానెల్. పాట ఆకారం గీతలుగా చూపిస్తుంది. 0 అంటే మూసి ఉందని. మీరు విండోలు కూడా రాయించమన్నారని పెట్టాను. ఆగండి, చూస్తా.

టప్‌టప్_బాబు

11లోనూ సున్నాయే.

నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. ప్యానెల్ తెరిచి ఉంటే దానికీ ఒక షేర్డ్ పాయింటర్ ఉంటుంది. కొత్త పాట రాగానే ఆడియో థ్రెడ్ ఒకటిన్నర మిల్లీసెకన్లలోపే మారిపోతుంది, ప్యానెల్ మాత్రం తర్వాత గీసేటప్పుడు, అంటే 16 మిల్లీసెకన్ల దాకా పాతదాన్ని పట్టుకునే ఉంటుంది. కాబట్టి చివరి యజమాని స్క్రీన్ థ్రెడ్, ఫ్రీ అక్కడ జరుగుతుంది, ఎవరికీ నొప్పి లేదు. ప్యానెల్ మూసేస్తే ఆడియో థ్రెడ్ ఒక్కటే యజమాని.

ఇంట్లో నేను ప్యానెల్ ఎప్పుడూ తెరిచే ఉంచుతా, ఆ గీతలు కదులుతుంటే ముచ్చటగా ఉంటుంది. ప్రింట్లు పెట్టిన రాత్రి స్క్రీన్ ముందు కూర్చున్నది కూడా నేనే. ఆపరేటర్ మాత్రం స్క్రీన్ మీద చోటు కోసం దాన్ని మూసేస్తాడు, గుర్తొస్తే తెరుస్తాడు. ప్రింట్లకీ దీనికీ సంబంధమే లేదు.

సీ_ప్లస్_చాలు

మామా, రాసిపెట్టుకున్నాం.

మ్యూటెక్స్_మామ

ఒప్పుకున్నా. అత్తిపత్తి ముడుచుకున్నది వేలుకి కాదు, బాబు మొహం చూసి.

బెర్లిన్_బావ

నేనూ ఒప్పుకోవాలి. ‘అందులో ఏమీ దొరకదు’ అన్నది నేనే. ఆడియో రింగ్ ఒక్కటే ఉంటే ఎక్కడ ఆగిందో తెలిసేది, ఎందుకు ఒక్కోసారే అన్నది తెలిసేది కాదు.

సరిచేయడానికి: ఆడియో థ్రెడ్ పాత పాయింటర్ని వదలకూడదు. వెనక్కి పంపే ఇంకో క్యూ పెట్టు, అందులోకి మూవ్ చేసేయ్. లోడర్ థ్రెడ్ అప్పుడప్పుడూ వచ్చి ఆ చెత్తబుట్ట ఖాళీ చేస్తుంది.

పిల్లకాకి

ఆ క్యూ నిండితే?

బెర్లిన్_బావ

నిండితే మారవద్దు. ముందు చెత్తబుట్టలో చోటుందో లేదో చూసి, ఉంటేనే కొత్త పాట తీసుకో, లేకపోతే తర్వాతి కాల్‌బ్యాక్‌లో చూసుకో. పెళ్లిలో మిల్లీసెకనులో రెండు పాటలు మార్చేవాడు ఎవడూ ఉండడు.

అర్ధరాత్రి_బగ్గు

ఇంకొక్క మాట. మన్‌మ్యాప్ లోడర్ థ్రెడ్‌లో జరిగినా ఆ సమయంలో కెర్నెల్ ప్రాసెస్ మెమరీ మ్యాప్ మీద తాళం తీసుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఆడియో థ్రెడ్‌కి పేజ్ ఫాల్ట్ తగిలితే అదీ ఆగొచ్చు. రింగ్‌ని మాత్రమే ఎంలాక్ చేశావు కదా, మొత్తం ప్రాసెస్‌కి ఎంలాక్ఆల్ కొట్టు. ఇకముందు ఎలాట్ అయ్యేవి కూడా కలిపి. అప్పుడు పాట పేజీలన్నీ లోడర్ దగ్గరే వచ్చేస్తాయి, ఆడియో థ్రెడ్‌కి ఫాల్టులు ఉండవు.

భాగ్యనగర్_బాస్

క్లాంగ్ కంపైలర్లో ఇప్పుడు రియల్‌టైమ్ శానిటైజర్ వచ్చింది, ఎల్ఎల్‌వీఎం 20 నుంచి, 2025లో. కాల్‌బ్యాక్ ఫంక్షన్‌కి నాన్‌బ్లాకింగ్ అని గుర్తు పెడితే అందులోంచి ఫ్రీ, మాలోక్, మ్యూటెక్స్ లాక్ ఏది పిలిచినా అక్కడికక్కడే పట్టి చూపిస్తుంది. మూడు వారాల పని మూడు నిమిషాల్లో తేలేది.

రింగ్‌మాస్టర్

తేలేది, ప్యానెల్ మూసి నడిపితే. ఆ శానిటైజర్ పరిగెత్తిన దారినే చూస్తుంది. ఇంట్లో ప్యానెల్ తెరిచి ముచ్చటగా చూసుకుంటూ నడిపితే అదీ ‘అంతా బాగుంది’ అనే చెప్పేది. రెండూ వాడు బాబూ. టెస్టులో అది, స్టేజి మీద రింగ్.

టప్‌టప్_బాబు

చెత్తబుట్ట క్యూ, ఎంలాక్ఆల్ రెండూ పెట్టాను. నిన్న నిడదవోలులో ఐదు గంటల ప్రోగ్రాం, ప్యానెల్ మూసే ఉంచమని గట్టిగా చెప్పాను. 38 పాటలు మారాయి. గడువు దాటింది అన్న రికార్డు ఒక్కటీ లేదు. అతి ఎక్కువ టైము పట్టిన కాల్‌బ్యాక్ 611 మైక్రోసెకన్లు.

అర్ధరాత్రి_బగ్గు

లాగ్ పీకేశావా?

టప్‌టప్_బాబు

లేదు, అలాగే వదిలేశా. రింగులు, ట్రిగ్గర్, ఫుట్‌స్విచ్ అన్నీ ఉన్నాయి. ఒకటే తలనొప్పి, కీబోర్డ్ వాయించే ఆయన ఫుట్‌స్విచ్‌ని సస్టెయిన్ పెడల్ (స్వరాన్ని సాగదీసేది) అనుకుంటున్నాడు. నిన్న ఒక్కరోజే 214 లాగ్ ఫైళ్లు వచ్చాయి. అన్నీ మెలోడీ పాటల్లోనే.